ఎర్ర డబ్బా ఆయిలు, బావగారి ఆయిలు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి నేను ఒప్పుకోను గానీ మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పే రోజుల్లో ఆ కోపమంతా ఇద్దరి మీద ఖర్చయ్యేది. లెక్క చేసి యూనిట్లు రాయనివాడు ఒకడు. నా కారులో ఎర్ర డబ్బా కాకుండా వేరే ఇంజనాయిల్ పొయ్యమని సలహా ఇచ్చేవాడు రెండోవాడు.

కారంటే పెద్దదేం కాదు. ఏలూరులో ఒక డాక్టరుగారు వాడుకుని అమ్మేసిన చిన్న తెల్ల కారు. నలుగురం ఎక్కితే ఐదోవాళ్ళ గొడుగు కూడా పట్టదు. తాళాలు చేతికిస్తూ ఆయన, "దీనికి ఎప్పుడూ ఎర్ర డబ్బా ఆయిలే పోశానండి" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఊరంతా తగువులాడాను. మా ఊళ్ళో ఆయిల్ కంపెనీల పేర్లు ఎవరూ పలికేవారు కాదు. ఎర్ర డబ్బా, పచ్చ డబ్బా, బంగారు డబ్బా, అంతే. కాలేజీ ఎదురుగా టీ కొట్టులో ఒక్కో డబ్బాకి ఒక్కో పార్టీ ఉండేది. ఎర్ర పార్టీకి నేనే నాయకుణ్ణి, కార్యకర్తని కూడా.

క్లాసులో నూనెల చిక్కదనం గురించిన స్నిగ్ధత పాఠం వచ్చిందంటే పిల్లలకి పండగే. గంట కొట్టేదాకా నా కారు పురాణమే. పైగా ఒక గొప్ప చెప్పుకునేవాణ్ణి: ఇంజన్ చప్పుడు వింటే చాలు, లోపల ఏ డబ్బా పోశారో చెప్పేస్తానని. పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నోళ్ళు ఆవులింతలకి తెరిచినవేమో అనిపిస్తుంది.

మా మెకానిక్కు మాత్రం ఏ పార్టీ కాదు. బస్టాండు వెనక రేకుల షెడ్డు ఆయనది. "ఏ డబ్బా అయినా ఒకటేనండి మేస్టారూ. టైముకి మార్చాలండి, అంతే" అనేవాడు.

"నీకేం తెలుసయ్యా స్నిగ్ధత సంగతి?" అని నేను ఇంతెత్తున లేచేవాణ్ణి.

"అవునండి, మీరు చెప్పాక ఇంకేముందండి" అని తలూపేవాడు. అలా తలూపే మనిషితో ఎంతసేపని పోట్లాడతాం! అందుకే ఆర్నెల్లకోసారి నేనే కొట్టుకెళ్ళి మూడు లీటర్ల ఎర్ర డబ్బా కొని, ఆయన బల్ల మీద పెట్టి, కారు అక్కడ వదిలి కాలేజీకి పోయేవాణ్ణి. సాయంత్రం వచ్చి తెచ్చుకునేవాణ్ణి.

ఇక మా బావగారి సంగతి. మా అక్కని కొల్లేరు పక్క ఊరికి ఇచ్చాం. బావగారికి చేపల చెరువు ఉండేది, నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్లు రెండు ఉండేవి. ఆయన మా ఇంటికి ఎప్పుడొచ్చినా తడి గోనెసంచిలో శీలావతి చేపో బొచ్చె చేపో ఉండాల్సిందే. ఏలూరులో బస్సు మారి, ఆ వాసనకి పక్క సీటువాళ్ళు మొహాలు తిప్పుకుంటున్నా పట్టించుకోకుండా వచ్చేవారు. గుమ్మంలో అడుగు పెడుతూనే, "ఏమ్మా, కత్తిపీట తియ్యి!" అని మా ఆవిడకి కేకేసేవారు. ఆయన నవ్వు వీధి చివరికి వినిపించేది.

సరస్సు హద్దులో ఉన్నాయని కొల్లేరులో చెరువుల గట్లు సర్కారువాళ్ళు తెంచేసిన ఏడాది బావగారి చెరువు కూడా పోయింది. ఆ తరవాత ఆయన మా ఇంటికి రావడం మానేశారు. నాలుగు నెలలు, ఐదు నెలలు. ఫోన్ చేస్తే అక్క గొంతు తగ్గించి, "రమ్మంటే చేతులూపుకుంటూ ఎలా వెళ్ళనే అంటున్నార్రా" అంది. నాకు మండింది. మా ఇంటికి రావడానికి ఈయనకి టిక్కెట్టు కావాలా? అనుకున్నాను గానీ ఆయనతో అనలేకపోయాను.

అలాంటిది ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి కారు తుడుస్తూ ఉంటే, ఇంటి ముందు రిక్షా ఆగింది. బావగారు! ఒళ్ళో చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు ఇరవై లీటర్ల నీలం బకెట్టు పట్టుకుని కూర్చున్నారు. మూత సీలు కూడా తియ్యలేదు.

"ఇంజన్లు రెండూ అమ్మేశానోయ్" అన్నారు దిగుతూ. "ఈ ఆయిల్ మిగిలింది. ఎవడికో ఎందుకివ్వాలి, మనకి కారుందిగా అనుకున్నాను. నీ బండిలో పొయ్యి."

"ఇది... డీజిల్ ఇంజన్లకి పోసేదేమోనండీ బావగారూ" అని నసిగాను.

"ఆయిలు ఆయిలేనోయ్! మా ఇంజన్లు రాత్రింబవళ్ళు ఆడాయి. ఒక్కనాడు మొరాయించలేదు" అన్నారు. అని, ఎన్నాళ్ళకో, వీధి చివరికి వినపడేలా నవ్వారు. ఆ పూట రెండుసార్లు మారు వడ్డించుకున్నారు. మంచమెక్కి గుర్రు పెట్టి నిద్రపోయారు. ఆ మనిషికి వద్దని ఎవడు చెప్తాడు? "అలాగేనండి" అన్నాను. లోపల మాత్రం, నా ప్రాణం పోయినా నా కారులో ఆ జిడ్డు పొయ్యనని ఒట్టేసుకున్నాను.

మా ఆవిడ కన్ను ఆయిల్ మీద లేదు, బకెట్టు మీద ఉంది. కొల్లేరు ఊళ్ళల్లో ప్రతి నూతి దగ్గరా, ప్రతి స్నానాల గదిలోనూ ఆయిల్ బకెట్లే. కింద పడేసినా పగలవు, పిడి ఊడదు. "మా వదినగారింట్లో ఆరున్నాయండి, మనకి ఒక్కటీ లేదు" అని ఎప్పట్నుంచో దెప్పుతోంది. వారం తిరక్కుండా, నేను కాలేజీలో ఉండగా, బకెట్టు రిక్షాలో పెట్టించుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్ళింది. బావగారు మా బండికని తెచ్చారని చెప్పి, బకెట్టు ఖాళీ చేయించుకుని, సబ్బుతో నాలుగుసార్లు తోమి స్నానాల గదిలో పెట్టేసింది. ఆయిల్ ఏదని అడిగితే, షెడ్డులో వదిలేశానంది. ఏ ట్రాక్టర్లోనో పోసేసి ఉంటాడు, పీడా పోయిందనుకున్నాను.

ఆ తరవాత నా అబద్ధాలు మొదలయ్యాయి. బావగారు మళ్ళీ నెలకోసారి రావడం మొదలుపెట్టారు. సంచీ లేకపోయినా ఇప్పుడాయనకి మా ఇంట్లో ఒక హక్కుంది. ఆయిల్ షెడ్డులో ఉంచి అదే పోయిస్తున్నానని ఆయనతో చెప్పాను. రాగానే కారు స్టార్ట్ చేయమనేవారు. బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, "విన్నావా? మన ఆయిలు!" అనేవారు.

"వెన్నలా పోతోందండి" అనేవాణ్ణి నేను. లోపల మాత్రం, పాపం ఎర్ర డబ్బా చప్పుడు విని తనదనుకుంటున్నాడు, చెవి లేదు మనిషికి, అనుకునేవాణ్ణి.

అటు మెకానిక్కు షెడ్డులో ఇంకో ఆనందం. పై అరలో ఎర్ర డబ్బాలు కనబడసాగాయి. ఒకటి, తరవాత రెండు, తరవాత మూడు. "చూశారా, చివరికి ఈయన కూడా ఎర్ర డబ్బాకే వచ్చాడు" అని టీ కొట్టులో చాటింపు వేశాను. పచ్చ పార్టీ నుంచి ఒక లెక్కల మేస్టారు అది విని మా పార్టీలోకి ఫిరాయించాడు కూడా.

అలా రెండున్నరేళ్ళు గడిచాయి. ఒకసారి సరిగ్గా ఆయిల్ మార్చాల్సిన రోజునే బావగారు దిగారు. "పద, నేనూ వస్తా. నా ఆయిల్ ఎంత మిగిలిందో చూడాలి" అన్నారు.

ఎండగా ఉందన్నాను. షెడ్డులో కుర్చీలుండవన్నాను. ఆయన అప్పటికే కారెక్కి కూర్చున్నారు. దారి పొడుగునా ఆయన చేపల ధరల గురించి మాట్లాడుతున్నారు, నేను ఊ కొడుతున్నాను. ఈ మనిషి మళ్ళీ మా గడప తొక్కడు. అక్కకి నా మొహం ఎలా చూపించను? నా ఆలోచనంతా అదే.

షెడ్డు ముందు ఆగగానే నేను మెకానిక్కుకి కళ్ళతో సైగలు చేశాను. ఆయన నా కంట్లో నలక పడిందనుకుని గుడ్డ ఇచ్చాడు.

"మా ఆయిలేనటయ్యా పోస్తున్నది?" అడిగారు బావగారు.

"అవునండి" అన్నాడు మెకానిక్కు, రెప్ప కూడా కొట్టకుండా. "ఇంకా ఈ ఒక్కసారికి వస్తుందండి."

ఆహా, ఎంత తెలివైనవాడు! ఎంత చక్కగా అబద్ధమాడాడు! వీణ్ణా నేను ఇన్నాళ్ళూ కసిరాను, అనుకున్నాను. ఇంతలో ఆయన బల్ల కింద నుంచి ఒక తెల్ల క్యాను లాగాడు. దాని మీద పెయింటుతో నా కారు నంబరు రాసి ఉంది.

"అమ్మగారు తెచ్చిచ్చారు కదండీ. అప్పట్నుంచీ మీ బండికి ఇదే పోస్తున్నానండి. మేస్టారు తెచ్చిన ఎర్ర డబ్బాలు ఒక్కటి కూడా ముట్టుకోలేదండి, అవిగో" అని పై అర చూపించాడు. "ముందుకు దాచుకుంటున్నారేమో, ఎందుకని అడగడం బాగుండదని ఊరుకున్నానండి."

అరలో ఐదు డబ్బాలు. మొదటిదాని మీద వేలెడు దుమ్ము, చివరిది కొత్తగా మెరుస్తోంది. రెండున్నరేళ్ళు నేను చెవులు రిక్కించి విన్నది బావగారి ఇంజన్ల ఆయిలు. నా స్నిగ్ధత, నా చెవి, నా పార్టీ, అన్నీ ఆ షెడ్డులో మట్టిగొట్టుకుపోయాయి. కానీ అప్పుడు సిగ్గు పడడానికి కూడా తీరిక లేదు. బావగారు ఆ డబ్బాల వంక చూస్తున్నారు. ఒక్కో డబ్బానీ వేలితో లెక్క పెట్టారు. ఆయనకి అంతా అర్థమైపోయిందని నాకు అర్థమైంది.

తిరుగుదారిలో రైలుగేటు పడింది. ఇంజన్ ఆపేశాను.

"బండి బాగానే నడిచిందిగా?" అన్నారు బావగారు.

"బాగా నడిచిందండి. నిజంగానే."

"మరి వద్దని నోటితో ఒక్క మాట చెప్పలేకపోయావా? ఇంకేదైనా చూసి తెచ్చేవాణ్ణి కదా."

ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడవడం కంటే కోప్పడడమే నాకు అలవాటు గనక కోప్పడ్డాను. "ఏం తేవక్కర్లేదండి! మీరొస్తే చాలు. ఊరికే రండి, ఊరికే కూర్చోండి, ఊరికే తినండి!"

"నువ్వు మా ఇంటికి ఎప్పుడైనా ఊరికే వచ్చావా?" అన్నారాయన.

పళ్ళో, స్వీట్ల పెట్టో లేకుండా నేను అక్క గడప తొక్కిన రోజు లేదు. గేటు ఎత్తారు. వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు.

"వచ్చే ఆదివారం వస్తానండి. ఊరికే" అన్నాను.

మాట అన్నాక తప్పుతుందా? వట్టి చేతులతో వెళ్ళొద్దంటే వద్దంది మా ఆవిడ. ఏలూరు దాటేటప్పుడు పళ్ళ బళ్ళ వైపు చూడకుండా తల తిప్పుకుని నడిపాను. అక్క ఎదురొచ్చి, అలవాటుగా నా చేతుల వంక చూసి, గబుక్కున చూపు మార్చుకుంది. కుర్చీలో వెనక్కి వాలలేకపోయాను. మంచినీళ్ళు అడగడానికి కూడా నోరు రాలేదు. అక్క వీధిలోకెళ్ళి కొనుక్కొచ్చిన చేపలు కూర చేసింది. కంచం ముందు కూర్చున్నాను. రెండు ముద్దలు తిని చెయ్యి ఆపాను.

బావగారు ఎదురుగా కూర్చుని నన్నే చూస్తున్నారు.

"ఎలా ఉందోయ్?" అన్నారు.

"ఏం బాగోలేదండి బావగారూ" అన్నాను. "చచ్చేంత సిగ్గుగా ఉందండి."

"ఆఁ, అదీ సంగతి. ఆ ఐదు నెలలూ నాకలాగే ఉండేదోయ్" అని గిన్నె దగ్గరికి లాక్కుని, నా కంచంలో ఇంకో ముక్క వేశారు.