ఎలుక మోకాలు, నా మోకాలు

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. బాగలూరులో గులాబీలకు అంటు కట్టేవాణ్ణి. మోకాలు అరిగిందని డాక్టరు అనగానే, మిగతా మాట వినకుండా లేచి వచ్చినాను. అంటు కొమ్మ మాదిరి కదలకుంటే అతుక్కుంటుందని గట్టిగా గుడ్డ చుట్టి, మూడు నెలలు మంచం మీదే కూర్చున్నాను. మోకాలికి కాలం చెల్లిందనుకున్నాను.

ఆ తర్వాత పని పడి ఎక్కిన హోసూరు–కృష్ణగిరి బస్సులో, పక్క సీటు అమ్మాయి ఆ కట్టు చూసి సంగతంతా అడిగింది. ఆమె ఎలుకల మోకాళ్ళ మీద పరిశోధన చేస్తుందట.

"ఎలుకలకూ కీళ్ళ నొప్పులేనామ్మా? అవి యాడికి పోవాలని?" అన్నాను.

నవ్వింది. "కీలులోని మెత్తటి పొర కింది ఎముక మొదట పలచబడతాదప్పా. తర్వాత గట్టిపడి, అంచుల్లో బుడిపెలు వస్తాయి."

"చచ్చిన ఎముకకు బుడిపెలెట్లా వస్తాయి?"

"చావలేదు కాబట్టే. రోజూ కొంచెం నడిపించిన ఎలుకల్లో ఆ అరుగుదల నెమ్మదించింది. ఇట్లా కట్టి పెడితే ఇంకా బిగుసుకుంటాది. డాక్టర్ని అడిగి నడవండప్పా."

ఈసారి డాక్టరు మాట చివరిదాకా విన్నాను. ఆయనా అదే అన్నాడు.

నన్ను మూడు నెలలు కూర్చోబెట్టిన మోకాలిని ఇప్పుడు రోజూ పొద్దున్నే తోటంతా తిప్పుతున్నాను. అది కొంచెం సణుగుతుంది. నేను విననట్టు ఇంకో గులాబీ సాలు పోయి వస్తాను.