వంతెన మీద ఆఖరి స్టాపు

డిపో డాక్టరమ్మ బీపీ పట్టీ విప్పి, మళ్లీ చుట్టి, ఇంకోసారి చూసింది. రెండోసారీ అవే అంకెలు. పైన నూట యాభై ఆరు, కింద తొంభై ఎనిమిది. బరువు తొంభై నాలుగు కిలోలు. ఆమె తలెత్తకుండా కాగితం మీద రాసుకుంటూనే, మూడు నెలలు గడువిస్తున్నానని, మాత్రలు వేసుకుంటూ ఒళ్లు తగ్గించుకుని రమ్మని, అప్పటికీ ఇలాగే ఉంటే బస్సు ఇవ్వడం కుదరదని చెప్పింది.

బస్సు ఇవ్వకపోతే ఏమిస్తారో ఆ డ్రైవరుకు తెలుసు. డిపో వెనక టైర్ల సెక్షను. చూపు మందగించినవాళ్లు, గుండెకు ఆపరేషన్ అయినవాళ్లు అక్కడ స్టూళ్ల మీద కూర్చుని, అరిగిన టైర్ల మీద సుద్దముక్కతో నంబర్లు వేస్తుంటారు. జీతానికి లోటుండదు. కానీ ఇరవై రెండేళ్లు స్టీరింగ్ పట్టిన చేతికి సుద్దముక్క ఆనదు.

సైకిల్ మాట ఎత్తింది డిపో మెకానిక్. ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు కాబట్టి అందరూ అతన్ని బక్కాయన అంటారు. ఆదివారం వస్తే నలుగురితో కలిసి ఊరి బయటికి డెబ్బై ఎనభై కిలోమీటర్లు తొక్కి వచ్చే రకం. తన పాత రేసు సైకిల్ తుడిచి తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. వంపు తిరిగిన హ్యాండిలు, బొటనవేలంత టైర్లు. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"నేనెక్కితే ఇది ఉంటుందంటావా?"

"దానికేం కాదన్నా. నువ్వుంటావా అన్నదే చూడాలి."

బక్కాయన సీటు పైకి లేపాడు. దాని మీద కూర్చుంటే కాలు నేలకు ఆనక ఆయనకు ప్రాణం పోయినట్టయింది. కిందికి దించమని పట్టుబట్టి దింపించుకున్నాడు. రెండు రోజులకు మోకాళ్లు పట్టేస్తే, తనే నోరు మూసుకుని మళ్లీ లేపించుకున్నాడు. మలుపు దగ్గర ఇంకో గొడవ. వీధి చివర తిరగాలంటే ముందు అటు చివరిదాకా వెళ్లి, రోడ్డంతా ఊడ్చినట్టు పెద్ద చుట్టు చుట్టి తిరిగేవాడు. పాల వ్యాను వాడు తిట్టాడు కూడా.

"అన్నా," అన్నాడు బక్కాయన, "నీ వెనకాల నలభై అడుగుల బండి లేదు. ఇంతే ఉంది. చూసుకో."

మధ్యాహ్నం డ్యూటీలు అడిగి వేయించుకుని, తెల్లవారి అయిదున్నరకు బయల్దేరేవాడు. మొదటి రోజు రెండు కిలోమీటర్లు చాలు, అక్కడినుంచి వెనక్కి వచ్చెయ్ అని బక్కాయన మరీ మరీ చెప్పాడు. ఆయన తన బస్సు వెళ్లే దారే పట్టాడు. కళ్లు మూసుకున్నా తెలిసిన రోడ్డు అదొక్కటే. ఆసుపత్రి స్టాపు వచ్చేసరికి రెండు కిలోమీటర్లూ అయ్యాయి, ఊపిరీ అయిపోయింది. కాలు కింద పెట్టి నిలబడ్డాడు. వెనక్కి తిప్పాలి. చెయ్యి రాలేదు.

ట్రిప్పు మధ్యలో బండి తిప్పడం ఆయన లెక్కలో నేరం. సర్వీసు మొత్తం మీద ఒక్కసారి తిప్పాడు, అదీ రోడ్డుకు అడ్డంగా చెట్టు పడితే. దానికే మూడు పేజీల సంజాయిషీ రాయించుకున్నారు. బయల్దేరిన బండి ఆఖరి స్టాపు చేరాల్సిందే. అలా ఆగుతూ, వగరుస్తూ, తొమ్మిది కిలోమీటర్లూ వెళ్లాడు.

ఆఖరి స్టాపుకు ముందు రైలు పట్టాల మీద వంతెన ఉంది. రోజుకు పన్నెండుసార్లు దాన్ని దాటుతాడు. అది ఇంత ఎత్తని ఆ రోజుదాకా ఆయనకు తోచనే లేదు. ఎత్తు ఎక్కేముందే గేరు మార్చాలిరా అని కొత్త డ్రైవర్లకు చెప్పే మనిషి, సగం ఎక్కాక మార్చబోయి చైను ఊడగొట్టుకున్నాడు. వేళ్లకు నల్లటి జిడ్డు పూసుకుని, మిగతా సగం సైకిల్‌ను తోసుకుంటూ ఎక్కాడు.

ఆఖరి స్టాపులో వాళ్లక్క ఉంటుంది. ముందు గదిలో గుండీలు, దారాలు, జిప్పులు అమ్మే కొట్టు, వెనక గదిలో కాపురం. తల్లి పోయినప్పుడు ఆయనకు తొమ్మిదేళ్లు. అప్పటినుంచి పెంచింది ఆవిడే. ఆ వెళ్లేది మా తమ్ముడి బస్సు అని, గుండీలకు వచ్చినవాళ్లకు అడక్కపోయినా చెబుతుంది. అందుకే డాక్టరమ్మ మాట ఆవిడ దగ్గర ఎత్తలేదు. ఊరికే, ఒంటికి మంచిదని తొక్కుతున్నానన్నాడు.

చెమటలు కక్కుతూ వచ్చిన తమ్ముణ్ణి చూడగానే ఆవిడ పొయ్యి వెలిగించింది. గ్లాసు నిండా చక్కెర పాలు, వెన్న దట్టంగా రాసిన నాలుగు రొట్టె ముక్కలు, రెండు గుడ్లు. వద్దంటే ముఖం చిన్నబుచ్చుకుంటుంది. మర్నాటి నుంచి ఆయన వచ్చే వేళకు పొయ్యి వెలిగే ఉండేది.

నెల తిరిగింది. మందుల షాపు ముందున్న తూకం ఎక్కి చూస్తే తొంభై అయిదు. మిషను పాడైందన్నాడు. అదే మిషను మీద భార్య ఎక్కి చూసింది, ఆవిడ బరువులో తేడా ఏమీ లేదు. ఆవిడ ఒక బడిలో గుమాస్తా. ఏ లెక్క ఎక్కడ తేలలేదో పట్టుకునేదాకా ఊరుకోదు.

"రోజూ ఎందాకా వెళ్తున్నారు?"

"ఆఖరి స్టాపు దాకా."

"అక్కడ ఏం పెడుతున్నారు మీకు?"

పాలు, వెన్న, రొట్టె, గుడ్లు అని ఆయన ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని, తర్వాత చాలాసేపు నవ్వలేదు. గడువులో ఇంకా రెండు నెలలే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

బక్కాయన విని తల పట్టుకున్నాడు. ఆ వంతెన దొరకడమే అదృష్టమన్నాడు. తొమ్మిది కిలోమీటర్లు వెళ్లి మెక్కి రావడం కన్నా, ఆ వంతెననే నాలుగుసార్లు ఎక్కి దిగి అటునుంచి అటే ఇంటికి పొమ్మన్నాడు. వినడానికి బాగానే ఉంది. మర్నాడు వంతెన పైదాకా వెళ్లి నిలబడ్డాడు. కింద అక్క వీధిలో దీపాలు కనిపిస్తున్నాయి. పాలు పొంగే వేళ. సైకిల్ తిప్పుదామని రెండుసార్లు చూశాడు. బండి ముందుకే పోయింది.

ఆ రోజు రొట్టె ముట్టుకోకుండా, పరీక్ష సంగతి, టైర్ల సెక్షను సంగతి మొత్తం చెప్పేశాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి అంతా విన్నది.

"నీ పెళ్లానికి తెలుసు. ఆ బక్కోడికి తెలుసు. నాకే చెప్పకూడదేం?"

"నువ్వు బాధపడతావని."

"నెల రోజులు నీకు వెన్న పెట్టాను కదరా, ఇప్పుడు పడనా బాధ?"

ఆవిడ పొయ్యి కట్టేసి, గుడ్లు తీసి పక్కింటివాళ్లకు ఇచ్చి వచ్చింది. రేపటినుంచి ఇక్కడికి రావద్దంది, ఆయన వైపు చూడకుండా. దారంతా ఆ మాటే చెవిలో తిరిగింది. పెరిగి పెద్దయ్యాక ఆవిడ తనను రావద్దనడం అదే మొదటిసారి.

మర్నాడు వంతెన ఎక్కుతుంటే పైన ఎవరో పిట్టగోడకు ఆనుకుని కనిపించారు. దగ్గరికి వెళ్తే అక్క. ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చెయ్యి మోకాలి మీద. కొట్టు నుంచి అక్కడికి కిలోమీటరు పైనే ఉంటుంది. ఎదురు వీధికి వెళ్లడానికే ఆటో పిలిచే మనిషి.

"నడిచొచ్చావా?"

"లేదు, ఎగిరొచ్చాను. నీళ్లు తాగు." తాగేదాకా ఆగి అంది, "ఆఖరి స్టాపు దాకా రాందే నీ బండి తిరగదని మరదలు ఫోన్ చేసి చెప్పింది. ఇదే ఆఖరి స్టాపు. తిప్పు."

తిప్పాడు. చిన్న చుట్టు చుట్టి, పిట్టగోడకు తగలకుండా. కిందికి దిగి మళ్లీ ఎక్కి వచ్చాడు. ఆవిడ ఒక వేలు మడిచింది. ఇంటికి పోతాడేమోనని ఆయన వైపే చూస్తూ, కండక్టరు లాగా గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది.

"రైట్ రైట్."

తర్వాత రెండు నెలలూ అదే వరస. వాన పడిన రోజు గొడుగుతో వచ్చింది. మొదట్లో నాలుగు ఎక్కులకు మూడుసార్లు దిగి తోసేవాడు. తర్వాత ఒకసారి. ఆరో వారంలో ఒక ఉదయం, చైను చప్పుడు తప్ప ఏమీ వినపడకుండా, దిగకుండా నాలుగూ ఎక్కాడు. అక్క నాలుగో వేలు మడిచి, నీళ్ల సీసా అందించి, చొక్కా వదులైంది కుట్టించుకో అని మాత్రం అంది. మర్నాడు కొట్టులోంచి ఒక సూది, దారం తెచ్చింది.

పరీక్ష రోజు డాక్టరమ్మ పట్టీ ఒక్కసారే చుట్టింది. పైన నూట ముప్పై ఎనిమిది, కింద ఎనభై ఎనిమిది. బరువు ఎనభై ఎనిమిదిన్నర. బరువు ఇంకా ఎక్కువేనంటూ కాసేపు కలం ఆడించి, చివరికి ఆరు నెలలకు బస్సు రాసి, మళ్లీ పరీక్షకు రమ్మంది. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, సరిగ్గా టైముకు బస్సు తీశాడు.

ఆఖరి స్టాపులో బస్సు ఆపి కొట్టుకు వెళ్లి చూపించాడు. అక్క కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివింది. ఆరు నెలలేనా అంది. అంతేనన్నాడు.

"అయితే రేపు అయిదింటికే రా. అయిదుసార్లు ఎక్కాలి."

వంతెన అవతల దారం టోకుగా అమ్మే షాపులో పనుందంటూ ఆవిడ కొట్టుకు తాళం వేసింది. బస్సెక్కు, దించుతానన్నాడు. అక్కర్లేదు, నడుస్తానంది. కండక్టరు టీ తాగి వచ్చి బెల్లు కొట్టి, బస్సు వంతెన చేరేసరికే ఆవిడ సగం వంతెన ఎక్కేసింది, చెయ్యి మోకాలి మీద లేకుండా. ఆయన ఎత్తు రాకముందే గేరు మార్చి, ఆవిడకు రోడ్డు వదిలి, కాస్త దూరంగా దాటుకుని వెళ్లాడు. అద్దంలో ఆవిడ ఒక వేలు మడవడం కనిపించింది.