రొట్టె తిన్న సంగతి మత్తు డాక్టరుకు చెప్పడం

ఇరవై రెండో ఏట నా పిత్తాశయంలో మూడు రాళ్లు తేలాయి. ఢిల్లీలో కోచింగ్ సెంటర్ల పేట జియా సరాయ్‌లో గది తీసుకుని ఎంటెక్ ఎంట్రన్సుకు చదివిన రెండేళ్లలో నేను కూడబెట్టింది అవే.

అమ్మ నర్సు. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఢిల్లీలో ఒకే ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఆపరేషన్ అక్కడే. ‘ఏమీ తినకూడదు, తాగకూడదు’ అనే అట్టముక్కను నా మంచానికి స్వయంగా తనే కట్టింది.

తెల్లవారేసరికి ఆకలితో తల దూదిలా తేలికైంది. కిటికీ అవతలి జనవరి పొగమంచు గోడ దాటి మంచం కిందకి వచ్చినట్టుంది. వార్డులో మాటలు నీళ్ల అడుగు నుంచి వినిపిస్తున్నాయి. ఇంత హాయిగా ఉంటే ఇక మత్తుమందు దేనికి అనుకున్నాను.

ఏడింటికి మా చర్చి పాస్టరుగారు ప్రభు భోజనం తీసుకుని వచ్చారు. ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి అలా ఇవ్వడం మా సంఘంలో ఆనవాయితీ. మామూలుగా ముందురోజు సాయంత్రమే వస్తారు, కానీ ఈసారి మంచుకి ఆయనుండే ద్వారక కాలనీ నుంచి బస్సులు కదల్లేదు. ఆసుపత్రిలో ఉన్న మా సంఘంవాళ్లు నలుగురి కోసం తెచ్చిన రొట్టె, వాళ్లలో ముగ్గురు ముందురోజే డిశ్చార్జి అయ్యారు. ప్రార్థించిన రొట్టె మిగల్చకూడదు కాబట్టి సగం నాకు, సగం అమ్మకి ఇచ్చారు. అమ్మ కళ్లు మూసుకుంది. ఆ క్షణాన ఆమె నర్సు కాదు, భయపడిన తల్లి. నేనూ కళ్లు మూసుకుని నమిలాను. నాది భక్తి కన్నా ఆకలే ఎక్కువ.

ఆయన వెళ్లాక అమ్మ నా పెదవి మీది తునక చూసింది.

“తినేశావా?”

“నువ్వు కూడా తిన్నావుగా.”

“నాకేం ఆపరేషనా?”

ఆమె అట్టముక్క వైపు చూసింది. వార్డంతా ఆమె మాటను చట్టంలా పాటిస్తుంది. ఇప్పుడు ఈ సంగతి బయటపడితే మేట్రన్ ముందు ఏమని నిలబడాలి? బయటపడకపోతే? మత్తు డాక్టరమ్మ ముందురోజే చెప్పింది: మత్తు అంటే నిద్ర కాదు. నిద్రపోయేవాణ్ని పిలిస్తే లేస్తాడు. మత్తులో మెదడు భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేస్తాయి, గొంతు కూడా కాపలా వదిలేస్తుంది. కడుపులో ఏమైనా ఉంటే పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. అప్పుడు నేను, క్లాసులో నిద్రపోయేవాళ్లకి మందు సగం డోసు సరిపోతుందా అని అడిగాను. ఆమె నవ్వింది. అదే నా కొంప ముంచింది.

ఎనిమిదింటికి ఆమె వచ్చి, ఏమైనా తిన్నావా అని హిందీలో అడిగింది. సగం రొట్టె తిన్నాను అన్నాను. ఆమె నవ్వుతూ కాగితం మీద టిక్కు పెట్టబోయింది. ఒట్టు అన్నాను. మజాక్ బాగుందని భుజం తట్టింది. జన్మలో మొదటిసారి సీరియస్‌గా మాట్లాడితే నమ్మే మనిషి లేడు.

అమ్మ అప్పటిదాకా నా దుప్పటి అంచు సరిచేస్తూనే ఉంది. చెయ్యి ఆగింది.

“నేనే పెట్టించాను, డాక్టర్ సాబ్. నా పక్కనే తిన్నాడు.”

డాక్టరమ్మ పెన్ను మూసింది. “సిస్టర్, ఆప్ భీ?” అంది మెల్లగా, మీరు కూడానా అని. తిట్టినా బాగుండేది. ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడింది.

రెండున్నరకి థియేటర్లో తల మీద గుండ్రటి లైట్లు, ముఖం మీద మాస్కు. వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు. తొంభై ఏడు దగ్గర లైట్లు నెమ్మదిగా వంగి, ఒక్కొక్కటీ నా మీదికి దిగడం మొదలుపెట్టాయి. తొంభై ఆరు అనడం గుర్తు లేదు. కల లేదు, చీకటి కూడా లేదు. మధ్యాహ్నం లోంచి ఒక ముక్కను ఎవరో కత్తిరించి, రెండు అంచులు కలిపి కుట్టేసినట్టు ఉంది. ఎప్పుడు మొదలుపెడతారు అని అడిగితే అయిపోయింది అన్నారు.

అమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. నా గొంతు ఇసుకలా ఉంది. మేట్రన్ ఏమంది అని అడిగాను.

“రాసివ్వమంది. రాశాను.”

“ఏమని?”

“తల్లి తప్పని. నర్సునని కూడా రాశాను, రాయకుండా ఎట్లా?”

ఓ జోకు నాలుక దాకా వచ్చింది గానీ నాలుక ఇంకా లేవలేదు. మంచినీళ్లు అన్నాను. బల్ల మీద గ్లాసు ఉంది, చెంచా ఉంది, ఇరవై ఏళ్ల సర్వీసుంది. అయినా అమ్మ లేచింది.

“ఉండు, డాక్టర్‌ని అడిగొస్తాను” అని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కారిడార్‌లోకి వెళ్లింది.