సుభద్రగారి తొమ్మిది ఖాళీ గడులు

రెండేళ్ల కిందట జనవరిలో, సర్రీలోని ఒక కమ్యూనిటీ సెంటర్‌లో సోమవారం మహిళల గ్రూపు నాకు అప్పగించారు. హోదా మ్యూజిక్ థెరపిస్టు. నా పైన కోఆర్డినేటర్ జానిస్, నా కింద ఒక గిటారు. తర్వాత ప్రాజెక్టు ముగిసింది, ముప్పై రెండేళ్లకే నేను ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. ఆ మాటకి మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. జ్ఞాపకాలు రాయడానికి వయోపరిమితి ఉందని మాత్రం నేనెక్కడా చదవలేదు.

మేం పాటలు నేర్పుతామని చాలామంది అనుకుంటారు. నేర్పం. డాక్టరు రిఫరల్ మీదో, సొంతంగానో వచ్చినవాళ్లతో కలిసి పాడి, వాయించి, వాళ్ల దిగులూ ఒంటరితనమూ కాస్త తగ్గేలా చూస్తాం. సెషన్ అయ్యాక షీటు నింపుతాం. నా షీటులో ప్రతి పేరు ఎదురుగా మూడు గడులు: పాడారు, వాయించారు, కదిలారు. వరసగా మూడు వారాలు అన్నీ ఖాళీగా ఉంటే ఆ సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి వెళ్తుంది. ఆ షీటు తయారుచేసింది నేనే. రంగులు కూడా వేశాను.

గ్రూపులో ఎనిమిది మంది. మాట్లాడుకునేది హిందీ, ఇంగ్లీషు కలిపిన భాష. అందరికంటే పెద్ద గొంతు పంజాబీ ఆవిడ హర్బన్స్ ఆంటీది, గురుద్వారా వంటశాలలో కేకలు వేసి సాధించిన గొంతు. అఫ్ఘన్ అమ్మాయి సలీమా తన మతవిశ్వాసం ప్రకారం తీగల వాయిద్యాలు ముట్టదు. కంజిరలాంటి డఫ్ మాత్రం వాయిస్తుంది, తాళం నాకంటే బాగా నిలుపుతుంది. ఎనిమిదో మనిషి సుభద్రగారు. గుంటూరులో బోటనీ లెక్చరర్‌గా పనిచేసి, పద్ధతిగా అరవై దగ్గర రిటైరై, ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. భర్త పోయి అప్పటికి మూడు నెలలు.

మొదటిరోజే చెప్పేశారు. "మాసికాలు నడుస్తున్నాయమ్మా. సంవత్సరీకం అయ్యేదాకా నేను పాడను, వాయించను. అమ్మాయి పేరిచ్చింది, వచ్చాను." వచ్చి, కోటైనా విప్పకుండా కిటికీ పక్కన కూర్చున్నారు. అలా మూడు వారాలు. తొమ్మిది గడులూ ఖాళీ.

నాలుగో సోమవారం సెషన్‌కి ముందు కారిడార్‌లో, గ్రూపులో మాట్లాడే భాషలోనే, ఆవిడకి రూలు చెప్పాను. నా గొంతు వణికిందని రాస్తే బాగుండేది. వణకలేదు. రూలు చదివే గొంతు నాకు బాగానే వచ్చు.

"సరేనమ్మా, రూలు రూలే కదా. వారానికి ఇదొక్కటే గడప దాటడం... పోనీలే," అని ఆవిడ కోటు పైగుండీ పెట్టుకున్నారు.

హర్బన్స్ ఆంటీ నా వెనకే నిలబడి ఉందని చూసుకోలేదు. "ఏం పుత్తర్, ఈవిడ్ని పంపించేస్తున్నావా? మా ఆయన పోయినప్పుడు ఏడాదిపాటు మా ఇంట్లో ఢోలకి బయటికి తియ్యలేదు. మరి నన్నూ పంపించు!" అంటూ సుభద్రగారి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి, సమ్మె ప్రకటించింది. ఇవాళ ఎవరూ పాడరు. సలీమా డఫ్‌ని కుర్చీ కింద పెట్టేసింది. మిగతావాళ్లు చేతులు కట్టుకున్నారు. జానిస్ పరిశీలనకి రావాల్సిన రోజు కూడా అదే. వచ్చింది.

ఏడు నిమిషాలు గడిచాయి. హీటర్ గొణుగుతోంది. ఎవరిదో కడుపు దానికి శ్రుతి కలిపింది. ఇది ధ్యానంలో భాగమా అని జానిస్ నా చెవిలో అడిగింది. అవుననీ కాదనీ ఒకేసారి వచ్చేలా తలాడించాను. ఆ విద్య మనకి పుట్టుకతో వస్తుంది.

చివరికి లేచింది సుభద్రగారే. "ఏమిటర్రా ఈ తెలివితక్కువ పని?" అని తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి దిగారు. "నిశ్శబ్దం మా ఇంట్లో బోలెడుంది. పొద్దున్న ఎనిమిదింటికి అమ్మాయి తలుపేసుకు వెళ్తే సాయంత్రందాకా అదే. ఇంకాస్త నిశ్శబ్దం కోసం నేను రెండు బస్సులు మారి రావాలా? నేనొచ్చేది మీ గోల వినడానికి!" తర్వాత నావైపు తిరిగారు. "పోయిన వారం రెండో చరణంలో తాళం తప్పావు నువ్వు. పాపం ఆ పిల్ల నీకోసం వెనక్కి తగ్గింది."

సలీమా తల వంచుకుని నవ్వింది. అంటే నిజమేనన్నమాట.

వినడం కూడా థెరపీలో ఒక పద్ధతేనని చదువుకునే రోజుల్లో పరీక్షలో నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. షీటుకి రంగులు వేసే హడావిడిలో మర్చిపోయాను. ఆవిడ మాటలు జానిస్‌కి అనువదించి చెప్పాను, తెలివితక్కువతనం, తాళం సంగతి మినహాయించి. షీటు మీద పెన్నుతో నాలుగో గడి గీసి 'విన్నారు' అని రాశాను. జానిస్ పక్కన సంతకం పెట్టి, గీత వంకరగా ఉందంది. సలీమా డఫ్ పైకి తీసింది. సుభద్రగారు ఆ రోజు మొదటిసారి కోటు విప్పి కుర్చీకి తగిలించారు.

ఆ తర్వాత ఏ కొత్త సభ్యురాలు వచ్చినా, ఏం చేయగలరని అడిగే ముందు ఎందుకొచ్చారో అడిగి రాసుకున్నాను. వృత్తిపరంగా నేను నేర్చుకున్నది అంతే.

శరదృతువులో సంవత్సరీకం అయింది. ఆ తర్వాతి సోమవారం సుభద్రగారు పాడతానన్నారు. అందరం కుర్చీలు దగ్గరికి జరుపుకున్నాం. అంత పదునైన చెవి ఉన్న మనిషి గొంతు ఎలా ఉంటుందోనని హర్బన్స్ ఆంటీ కళ్లు కూడా మూసుకుంది. శ్రుతి ఒక దారి, ఆవిడ ఒక దారి. మూడు చరణాలూ పూర్తిగా పాడారు. ఆవిడ పేరు ఎదురుగా 'పాడారు' దగ్గర టిక్కు పెట్టాను. మిగతా ఏడుగురికీ 'విన్నారు' దగ్గర పెట్టాను. కష్టపడి సంపాదించుకున్న టిక్కులవి.