సముద్రం దాటిన కోటు

కాజాలక్కకి కాజాలు కుట్టడం ఒక్కటే వచ్చు. ఆ ఒక్కటీ ఆవిడకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. ముప్పై ఏళ్ళుగా దర్జీ బాబాయి కొట్టు గుమ్మం పక్కన, అదే ముక్కాలి పీట మీద కూర్చుని, ఆయన కుట్టిన ప్రతి చొక్కాకీ, ప్రతి కోటుకీ గుండీ దూరే కన్నం చుట్టూ దారం అల్లింది. ఆవిడ వేసిన కాజా చిరిగిందన్న మాట ఇంతవరకు పుట్టలేదు. చదువంటారా, సంతకం దాకా వచ్చు. మనుషులంటారా, లోపలి లైనింగు దాకా వచ్చు.

ఆవిడకో తమ్ముడు. తల్లి పోయాక ముక్కు తుడిచి, జుట్టు దువ్వి, అన్నం కలిపి పెట్టి పెంచింది. పెరిగి దేవుడి సేవలోకి వెళ్ళాడు. వాడి లెక్కలో సేవంటే ఇస్త్రీ బట్టలు, చేతిలో మైకు, ముందు వరసలో కుర్చీ. మిషనరీనని కార్డు అచ్చు వేయించుకున్నాడు. దూరపు పేటలకి వెళ్ళి సువార్త చెప్పడం వాడి పని అని ఆ కార్డులో ఉంది. వెళ్ళాల్సి వచ్చేసరికి మాత్రం ఒకనాడు ఎండ ఎక్కువ, ఒకనాడు వాన ఎక్కువ, రెండూ లేనినాడు మోకాలి నొప్పి.

అలాంటివాడికి పై దేశం నుంచి పిలుపొచ్చింది. దేశదేశాల సంఘ పెద్దలు ఒకచోట చేరి అయిదు రోజులపాటు ఒకరినొకరు ప్రోత్సహించుకుంటారట. పని చేసి అలిసినవాళ్ళకి ప్రోత్సాహం కావాలి, నిజమే. వీడు దేనికి అలిశాడో ఆ దేవుడికే తెలియాలి.

"అక్కా, అక్కడ అందరూ కోట్లలో ఉంటారు. నాకు లేదు," అన్నాడు వచ్చి.

"చెప్పడానికి మాట లేదని కాదన్నమాట, వేసుకోవడానికి కోటు లేదని నీ బెంగ," అంది కాజాలక్క. అంటూనే దర్జీ బాబాయి దగ్గరికి వెళ్ళింది. నోరు అలాంటిది, మనసు ఇలాంటిది, ఏం చేస్తాం.

బాబాయి అప్పటికే రెండు నెలలుగా కొట్టు వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. కాళ్ళు నీరు పట్టి దిండ్లలా ఉబ్బాయి. కళ్ళకి పొర కమ్మింది. వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. వైద్యుడు చూసి పెదవి విరిచి పోయాడు. కోటు మాట చెవిన పడగానే మాత్రం లేచి గోడకి చేరగిలబడ్డాడు.

"వాడి మొదటి నిక్కరు నేనే కుట్టాను. నా ఆఖరి కోటు వాడికే కుడతాను. కత్తెర ఇలా అందుకో అమ్మాయ్."

మిషను తొక్కే కాళ్ళు లేవు కనుక మొత్తం చేత్తోనే కుట్టాడు. నల్ల ఉన్ని గుడ్డ. పదకొండు రోజులు పట్టింది. ఎడమ భుజం మూడుసార్లు విప్పి మళ్ళీ ఎక్కించాడు. ముందు మూడు, చేతులకి మూడేసి, మొత్తం తొమ్మిది కాజాలు కాజాలక్క వేసింది. ఆఖరిసారి తొడిగి చూసుకోడానికి రమ్మంటే దొరగారికి తీరలేదు, వీడ్కోలు కూటాలున్నాయి. బయల్దేరే రోజు పొద్దున గుమ్మంలోంచే కోటు అందుకుని పెట్టెలో కుక్కుకుని పోయాడు.

"తిరిగొచ్చాక అది వేసుకుని ఒక్కసారి నా ముందు నిలబడమను," అన్నాడు బాబాయి. "ఆ ఎడమ భుజం కూర్చుందో లేదో తెలియకపోతే నాకు ప్రాణం పోదు."

"నిలబెడతాను బాబాయ్. నాదీ పూచీ."

వాడు వెళ్ళాడు, వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి నోట్లో ఒకటే మాట, ప్రోత్సాహం. అక్కడి పాట ప్రోత్సాహం, అక్కడి పరుపు ప్రోత్సాహం, విమానంలో కిటికీ పక్క సీటు మహా ప్రోత్సాహం. నాలుగు రోజుల్లో జనం వాడికి 'ప్రోత్సాహంగారు' అని పేరు పెట్టేశారు. పిలిచినవాళ్ళ ఇళ్ళకీ పిలవనివాళ్ళ ఇళ్ళకీ తిరిగాడు కానీ దర్జీ కొట్టున్న వీధి మాత్రం తొక్కలేదు. మూడు వారాలు గడిచాయి. బాబాయి రోజూ అడగడం, కాజాలక్క రోజూ తమ్ముడి గుమ్మం ఎక్కడం.

"ఆయన ప్రార్థనలో ఉన్నారు వదినా," అనేది మరదలు.

"ప్రార్థనలో గురక కూడా ఉంటుందటే?"

ఎందుకు తప్పించుకు తిరుగుతున్నాడో మూడో ఆదివారం బయటపడింది. మందిరంలో ప్రయాణం గురించి సాక్ష్యం చెబుతూ గొంతు వణికించాడు.

"చివరి రోజున ఒక దైవజనుడు లేచి, ప్రేమకు గుర్తుగా మీ పై వస్త్రం పక్కవారితో మార్చుకోండి అన్నారు. ప్రియులారా, నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. ఎంతో విలువైన నా కోటు విప్పి పక్కనున్న సోదరుడికి తొడిగేశాను!"

హాలంతా హల్లెలూయా. ముందు వరస ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే చప్పట్లు కొట్టేవాళ్ళకి కరువా? ఆ కోటు ఎవరు కుట్టారన్న మాట లేదు. మంచం మీద మనిషి ఎదురుచూస్తున్నాడన్న మాట అసలే లేదు.

కూటం అవగానే కాజాలక్క వేదిక వెనక గదిలో వాణ్ణి పట్టుకుంది.

"నీ కోటు అన్నావే, అందులో నీదేముందిరా? నీ ఒళ్ళు తప్ప?"

"మెల్లిగా అక్కా, జనం వింటారు. ఇచ్చేశాక ఏం చేయను? ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహమే పెట్టుకుని రా. ఇంకొకళ్ళు ఆయన చెవిలో వేసేలోపు నీ నోటితో నువ్వు చెప్పు. చెబుతావా?"

"చెబుతాను," అన్నాడు. తలకాయ కూడా ఊపాడు.

మధ్యాహ్నం చెప్పిన వేళకే వచ్చాడు. ఒంటి మీద నల్ల కోటు. బదులుగా వచ్చింది. ఎవరి ఒళ్ళూ కొలవకుండా ఏ ఫ్యాక్టరీలోనో వందల్లో ఒకటిగా పుట్టిన సరుకు, చేతులు వేళ్ళ దాకా, భుజాలు మోచేతుల దాకా. కాజాలక్కకి అప్పుడే కీడు తోచింది. నోరు తెరిచేలోపే వాడు మంచం ముందుకి నడిచాడు.

"బాబాయ్, చూడు! నువ్వు కుట్టిన కోటే. బ్రహ్మాండంగా కుదిరింది!"

బాబాయి ముఖం వెలిగింది. "దగ్గరికి రా. తిరుగు. వంగు." మొద్దు వేళ్ళతో భుజం తడిమాడు. అక్కడ చెయ్యి ఆగింది. మళ్ళీ తడిమాడు. కాలరు పట్టుకు చూశాడు, చంక కింద చూశాడు. వెలిగిన ముఖం ఆరిపోయింది.

"భుజం జారింది. లైనింగు ఉబ్బింది. ఇలాగా కుట్టాను?"

"చాలా బాగుంది బాబాయ్, అందరూ మెచ్చుకున్నారు..."

"నీకేం తెలుసురా! ఇది వేసుకునా దేశదేశాల వాళ్ళ మధ్య తిరిగావు?" ఆయన చెయ్యి జారి దుప్పటి మీద పడింది. "నా చెయ్యి ఎప్పుడో పోయిందన్నమాట. తెలుసుకోలేకపోయాను. అమ్మాయ్, గోడకున్న ఆ కత్తెర తీసి ఎవరికైనా ఇచ్చెయ్." కొంచెం ఆగి అన్నాడు. "నీ చెయ్యీ పోయిందే. ఈ కాజాలు చూడు, దారం పోగులు పోగులుగా లేచిపోతోంది."

కాజాలక్క అప్పటిదాకా తమ్ముడి పరువని పళ్ళు బిగబట్టి ఉంది. కాజా మాట వచ్చాక ఇంకేం తమ్ముడు!

"నా కాజా పోగులు లేస్తుందా? నేను చచ్చి మట్టిలో కలిసినా నా కాజా లేవదు! అది నీ కోటు కాదు బాబాయ్. నువ్వు కుట్టింది వీడు పరాయి దేశంలో ఎవడికో తొడిగేసి, ఈ గోనెసంచి తగిలించుకొచ్చాడు. పొద్దున మందిరంలో దాని మీద చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. నాకు చెబుతానని మాటిచ్చి నీ ముందు అబద్ధమాడుతున్నాడు!"

బాబాయి తల తిప్పాడు. "నిజమేనట్రా?"

"ప్రేమకు గుర్తుగా బాబాయ్... అక్కడ అందరూ ఇస్తుంటే..."

"అది సరే. పుచ్చుకున్నవాడి ఒళ్ళెలాంటిది? ఛాతీ ఎంత? భుజాలు ఎత్తా, వాలా?"

ప్రోత్సాహంగారు జారిన కోటు చేతులు పైకి లాక్కున్నాడు. "గుర్తులేదు. పొడుగ్గా ఉన్నట్టున్నాడు."

"నీ కోటు తొడిగినవాడి భుజాలు గుర్తులేవా?" అంది కాజాలక్క. "ఫోను తియ్యి."

ఫోన్లో ఫోటోలకి కొదవ లేదు. అన్నిట్లోనూ వాడి మొహమే. మైకు దగ్గర వాడు, మెట్ల మీద వాడు, పళ్ళెం ముందు వాడు. వేళ్ళు నొప్పి పుట్టేదాకా తోస్తే ఒక దాంట్లో, వాడి చెవి వెనకాల, పొడుగాటి మనిషి కుడి చెయ్యి పైకెత్తి నవ్వుతూ కనిపించాడు. ఒంటి మీద నల్ల కోటు. కాజాలక్క ఆ మనిషిని పెద్దది చేసి, కిటికీ వెలుతురుకి తిప్పి, బాబాయి కంటికి జానెడు దూరంలో పట్టుకుంది.

ఆయన చాలాసేపు చూశాడు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు.

"ఎడమ భుజం కూర్చుంది," అన్నాడు చివరికి. "చెయ్యెత్తినా కాలరు లేవలేదు, చూశావా అమ్మాయ్? చంక అంత సరిగ్గా పడితే గానీ అలా ఉండదు."

"చూశాను బాబాయ్. గుండీ కూడా సూటిగా ఉంది."

"నీ కాజా కదే, ఎందుకుండదు!" బాబాయి నవ్వాడు. దగ్గొచ్చినా నవ్వు ఆపలేదు. "ఏరా అబ్బాయ్, నీకొక మాట చెబుతా, ఏమీ అనుకోకు. నీ కొలతలకి కుట్టింది నీకంటే వాడికే బాగుంది. మంచి పని చేశావు, నీకు తెలియకుండానే."

వాడు ఊపిరి పీల్చుకున్నాడు. "చూశావా బాబాయ్, ఎంత ప్రోత్సాహంగా..."

"నోరు మూసి ఆ కోటు విప్పు. ఆ భుజాలతో నిన్ను వీధిలోకి పంపితే నాకు అప్రతిష్ఠ. అమ్మాయ్, కత్తెర ఎవరికీ ఇవ్వకు. ఇలా ఇవ్వు."

వాడు చొక్కాతో ఇంటికి పోయాడు.

తరవాతి ఆదివారం కాజాలక్క మందిరానికి వెళ్ళలేదు. కిటికీ పక్కన కూర్చుని ఫ్యాక్టరీ కాజాలు ఒక్కొక్కటీ విప్పి పారేస్తోంది. బాబాయి గోడకి చేరగిలబడి ఎడమ భుజం కుట్లు కోస్తున్నాడు. పక్క వీధి మందిరం మైకు ఊరికంతటికీ వినపడుతోంది.

"మంచాన పడి నిరాశలో ఉన్న ఒక వృద్ధుణ్ణి ఈ వారం నేను దర్శించి ప్రోత్సహించాను, ప్రియులారా! ఆయన కళ్ళలో వెలుగు చూశాను!"

బాబాయి కత్తెర ఆపి చెవి ఒగ్గాడు.

"ఎవరే పాపం, ఆ వృద్ధుడు?"

"ఎవరో ఏబ్రాసి మొహం అయి ఉంటాడులే బాబాయ్," అంది కాజాలక్క, దారం నోట్లో తడిపి సూదిలోకి ఎక్కిస్తూ. "నువ్వు భుజం చూడు."