అది నిద్ర కాదని చెప్పిన మా మేనత్త

నా చిన్నప్పుడు మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో చేతికి గడియారం పెట్టుకుని సైకిలు మీద తిరిగే ఆడమనిషి ఒక్కరే ఉండేవారు. ఆవిడ మా మేనత్త. ఏలూరుకీ కొల్లేటికీ మధ్య, చేపల చెరువుల నడుమ ఉన్న ఆ ఊరికి ఆవిడ నర్సు. అందరూ ‘నర్సమ్మగారు’ అనేవారు. మేం తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. వేసవి సెలవులు ఇవ్వగానే నాన్న నన్ను అక్కడ దింపేసి వెళ్ళేవారు. మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని, మా అత్తయ్య సైకిలు వెనక కూర్చుని చెరువుగట్ల మీద వెళ్తుంటే, ఎదురొచ్చిన మగవాళ్ళు కూడా పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవారు. ఆ మర్యాదలో సగం నాకే అన్నట్టు నేను బిగుసుకుని కూర్చునేదాన్ని.

మా బాబాయి ఆవిడకి తమ్ముడు. అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. చెరువుల్లో చేపలు పట్టినప్పుడు ఐసు పగలగొట్టి, చేపల్ని ట్రేల్లో సర్ది, లారీలకి ఎత్తే పని చేసేవాడు. ఇద్దరు పట్టుకోవలసిన ట్రేని ఒక్కడే భుజాన వేసుకుంటాడని ఊళ్ళో పేరు. నాకు ఈత నేర్పింది ఆయనే, సైకిలు నేర్పిందీ ఆయనే. లోడింగు పనికి వేళాపాళా ఉండేది కాదు. పడుకుందామంటే నిద్ర పట్టేది కాదు. తోటివాళ్ళెవరో ఒక నిద్రమాత్ర ఇచ్చారు. కొన్నాళ్ళకి ఒకటి చాలక రెండు. ఆ తర్వాత నిద్ర మాట వెనకబడిపోయింది. మందు తాగిన రోజు ఈ బిళ్ళలు కూడా వేసుకుంటే ఒళ్ళు గాల్లో తేలినట్టు ఉంటుందని వేసుకోవడం మొదలైంది. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి.

అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. ఒక మధ్యాహ్నం పెరట్లోకి వెళ్తే బాబాయి గోడవైపు తిరిగి, అట్టలోంచి బిళ్ళలు నొక్కి తీసి నోట్లో వేసుకుంటున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడి, వెంటనే నవ్వేశాడు. “విటమిన్ బిళ్ళలమ్మలూ. అక్కకి చెప్పకేం. ఊరికే కంగారుపడుద్ది” అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. పెద్దవాళ్ళు నన్ను నమ్మి ఒక రహస్యం చెప్పడం అదే మొదటిసారి. నాకు పదకొండేళ్ళు. ఆ రహస్యాన్ని పది రోజులు ఎంతో పదిలంగా దాచుకున్నాను.

పదో రోజు ఆదివారం. చర్చి అయ్యాక, బాబాయి స్నేహితుడి ఇంట్లో పిల్లవాడి పుట్టినరోజు భోజనాలు జరిగాయి. ఆ స్నేహితుడు చేపల వ్యాను నడిపేవాడు. మధ్యాహ్నం రెండింటికి అతనే బాబాయిని భుజం పట్టుకుని నడిపించుకొచ్చి వసారాలో నవారు మంచం మీద పడుకోబెట్టాడు. “కాస్త ఎక్కువైందండి పిన్నిగారూ, పడుకుంటే దిగిపోద్ది” అన్నాడు. మా నాయనమ్మ తిట్టుకుంటూనే కొడుకు చొక్కా విప్పి తలుపు వెనక తగిలించి, తల కింద దిండు పెట్టింది. కాసేపటికి గురక మొదలైంది. “వారం రోజుల నిద్ర బాకీ ఉంది నా తండ్రికి, ఎవరూ లేపకండి” అంది. కరెంటు లేదు. నేను పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాను.

గురక మొదట్లో గట్టిగానే ఉంది. పోనుపోనూ మధ్యలో ఆగుతోంది. ఆగి, చాలాసేపటికి గొంతులో నీళ్ళు గరగరలాడినట్టు మళ్ళీ ఒకటి వస్తోంది. నాకెందుకో నచ్చలేదు. నాయనమ్మకి చెబితే, “అలిసిపోయిన ఒళ్ళు అంతేనే” అంది.

అప్పుడే ఒక బాలింతను చూడడానికి వెళ్ళిన మా అత్తయ్య తిరిగి వచ్చింది. సైకిలు స్టాండు వెయ్యబోతూ ఆ చప్పుడు వింది. సైకిలుని అలాగే గోడకి వాల్చేసి వసారాలోకి వచ్చింది. తమ్ముణ్ణి పేరు పెట్టి గట్టిగా పిలిచింది. భుజం గిల్లింది. కదలిక లేదు. పెదవులు పైకి తిప్పి చూసింది. అవి నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. నా చెయ్యి లాగి బాబాయి పొట్ట మీద పెట్టి, “పొట్ట పైకి లేచినప్పుడల్లా ఒకటి లెక్కపెట్టు. కంగారుపడి ముందుకి లెక్కెయ్యకు. నేను టైము చూస్తాను” అంది.

నేను లెక్కపెట్టాను. నిమిషం అయింది అనేసరికి ఏడు వచ్చింది. తప్పు లెక్కపెట్టానేమో అనుకున్నాను. “మళ్ళీ పెట్టు” అంది. మళ్ళీ ఏడే.

“పన్నెండుకి తగ్గకూడదే! అమ్మా, ఇది నిద్ర కాదు” అంది మా అత్తయ్య.

ఆ మాటతో ఇల్లంతా లేచింది. నాయనమ్మ మజ్జిగలో నిమ్మకాయ పిండుకొచ్చింది. ఇంకా వెళ్ళకుండా అరుగు మీద కూర్చున్న స్నేహితుడు లేచి, ఉప్పునీళ్ళు పట్టి కక్కిద్దామన్నాడు. మా అత్తయ్య ఇద్దర్నీ ఆపేసింది. తెలివిలో లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని, ప్రాణం అక్కడే పోతుందని చెప్పింది. తమ్ముణ్ణి ఎడమపక్కకి ఒత్తిగిల్లేలా తిప్పి, గడ్డం పైకెత్తి పట్టుకుంది. ఆ తర్వాత స్నేహితుణ్ణి అడిగింది, ఏం తాగాడని. “రెండు పెగ్గులేనండి అక్కా, ప్రమాణం” అన్నాడతను. ఇంకేమైనా వేసుకున్నాడా అంటే తల దించుకున్నాడు. అతనికి తెలుసు. భయం వల్ల చెప్పలేదు.

నాకూ తెలుసు. బాబాయి పట్టుకున్న నా చెయ్యి, వేసిన ఒట్టు, అన్నీ గుర్తొచ్చాయి. చెబితే బాబాయి ఇంక నాతో మాట్లాడడు అనుకున్నాను. మా అత్తయ్య మా అందరి మొహాలూ చూసింది. కేకలు వెయ్యలేదు. “తప్పెవరిదని నేను అడగట్లేదు. ఆస్పత్రిలో డాక్టరుకి చెప్పాలి. ఏం మింగాడో తెలిస్తే నా తమ్ముడు బతుకుతాడు” అంది.

“బిళ్ళలు అత్తయ్యా” అన్నాను. “చొక్కా జేబులో ఉంటాయి. విటమిన్లన్నాడు.”

తలుపు వెనక కొక్కేనికి తగిలించిన చొక్కాలోంచి అట్ట తెచ్చి ఇచ్చాను. పది బిళ్ళల అట్టలో ఐదు ఖాళీ. మా అత్తయ్య పేరు చదివి కళ్ళు మూసుకుంది. అప్పుడు స్నేహితుడు కూడా నోరు విప్పాడు. ఆ ఐదూ ఇవాళ వేసుకున్నవేనని, మందుతో పాటే మింగాడని చెప్పాడు.

అప్పట్లో ఫోను చేస్తే వచ్చే అంబులెన్సు మా వైపు లేదు. చేపల వ్యానులోనే బయల్దేరాం. వెనక తడి ఐసు మీద గోనెలు పరిచి బాబాయిని పడుకోబెట్టారు. మా అత్తయ్య గడ్డం వదలకుండా కూర్చుంది. నేను పొట్ట మీద చెయ్యి వేసి లెక్కపెడుతూనే ఉన్నాను. రోడ్డంతా గుంతలు. సగం దారిలో నా చేతికింద పొట్ట లేవలేదు. ఒక క్షణం ఆగాను. లేవలేదు. “అత్తయ్యా, రావట్లేదు!” అని అరిచాను. మా అత్తయ్య తమ్ముడి తల వెనక్కి వంచి, ముక్కు మూసి, తన నోటితో ఊపిరి ఊదింది. మళ్ళీ ఊదింది. ఎన్నిసార్లు ఊదిందో నేను లెక్కపెట్టలేదు. ఏలూరు రైలు గేటు దాటేదాకా తన ఊపిరి తీసి ఆయనకి పోస్తూనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరుగారు ఆ అట్ట చూడగానే గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టారు. తర్వాత బయటికొచ్చి మాకు చెప్పారు. మందు మెదడుని మందగింపజేస్తుంది, ఈ మాత్రలూ అదే పని చేస్తాయి, రెండూ కలిస్తే ఊపిరి తీసుకోవాలన్న సంగతే మెదడు మరిచిపోతుంది అని. పడుకోనిస్తే దిగిపోతుందని సాయంత్రం దాకా చూసి ఉంటే తీసుకొచ్చినా ప్రాణం దక్కేది కాదన్నారు. మాత్రల సంగతి ఎవరు కనిపెట్టారని అడిగారు. మా అత్తయ్య నా తల మీద చెయ్యి వేసి, “మా మేనకోడలండి. ఊపిరి లెక్కపెట్టిందీ ఇదే” అంది. చేపల వాసన కొడుతున్న గౌనుతో నిలబడి ఉన్న నన్ను ఆయన సాటి ఉద్యోగిని చూసినట్టు చూశారు.

ఆ తర్వాత వరండాలో బెంచీ మీద కూర్చుని మా అత్తయ్య ఏడ్చింది. “ఊరందరి రోగాలూ నాకు తెలుసే. నా తమ్ముడు నాకు చెప్పుకోలేకపోయాడు, చూడు” అంది. ఆవిడ కొంగు పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు బాబాయి కళ్ళు తెరిచాడు. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేను అనుకున్నంతా అయిందని బయటికి వచ్చేశాను. ఇంటికొచ్చిన రోజున మాత్రం పెట్టె అడుగున దాచుకున్న అట్టలన్నీ తీసి అక్క ముందు పోశాడు. కాలవలో పారేస్తాను, ఇక ముట్టను అన్నాడు. అందరం సంతోషించాం. మా అత్తయ్య ఒక్కతే వద్దంది. నెలల తరబడి అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్లు వస్తాయి, దానివల్ల కూడా మనుషులు పోతారు అంది. డాక్టరుగారు రాసిచ్చిన ప్రకారం మాత్రను బ్లేడుతో కోసి, రోజూ తన ఎదటే మింగించేది. ముందు ఒకటిన్నర, కొన్ని వారాలకి ఒకటి, ఆ తర్వాత ముప్పాతిక. మందు చుక్క ముట్టకూడదు. చేతులు వణికి బాబాయి అన్నం కలుపుకోలేకపోయిన రోజులున్నాయి. చిన్న చప్పుడుకే కసిరేవాడు, కాసేపటికి వచ్చి ఏమీ అనుకోకమ్మలూ అనేవాడు. నా సెలవులు అయిపోయే నాటికి ముప్పాతిక దగ్గర ఉన్నాడు.

క్రిస్మస్ సెలవులకి వెళ్ళేసరికి మాత్రలు పూర్తిగా మానేసి మూడు వారాలైందని నాయనమ్మ గుమ్మంలోనే చెప్పింది. ఆ ఆదివారం చర్చిలో, దేవుడు తమకి చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యం సమయంలో బాబాయి లేచాడు. నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. చేతులు కట్టుకుని, తాను ఏం మింగాడో, ఎందుకు మింగాడో, ఎలా చచ్చిపోబోయాడో ఒక్కటీ దాచకుండా చెప్పాడు. మా అత్తయ్య తల వంచుకోలేదు. కుటుంబం పరువు పోయిందన్న వాళ్ళు కొందరున్నారు. కానీ ఆ మర్నాడు పొద్దున్నే లోడింగు పని చేసే ఇద్దరు మా వసారా మెట్ల దగ్గర నిలబడ్డారు. “నర్సమ్మగారూ, మేమూ వేసుకుంటున్నామండి. మానాలంటే ఎలాగండి?” అని అడిగారు. మా అత్తయ్య వాళ్ళని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. నాయనమ్మ టీ పెట్టడానికి వెళ్ళింది. మా ఇంటిని చూసి నేను అంత గర్వపడిన రోజు మరొకటి లేదు.

ఇప్పుడు నాకూ నడివయసు దగ్గరపడింది. తాడేపల్లిగూడెంలో పిల్లలకి పాఠాలు చెబుతాను. మాట ఇవ్వడం ఎంత గొప్పదో వాళ్ళకి చెబుతాను గానీ, ఒక మనిషి ప్రాణం కన్న ఏ మాటా గొప్పది కాదని కూడా చెబుతాను. అయినా ఆ ఒట్టు తప్పానని బాబాయి మనసులో ఇంకా ఏదో మూల ఉందేమోనని అప్పుడప్పుడూ అనుకునేదాన్ని. ఈమధ్య ఒక పెళ్ళిలో బాబాయి నన్ను తన వియ్యాలవారికి పరిచయం చేశాడు. నా చదువూ చెప్పలేదు, ఉద్యోగమూ చెప్పలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, “మా అన్నయ్య కూతురండి. చిన్నప్పుడు నన్ను మా అక్కకి పట్టించింది ఈ పిల్లే” అన్నాడు. వాళ్ళకి అర్థం కాక నా వంక చూశారు. నేను మాత్రం, బిరుదు ఇచ్చి శాలువా కప్పినట్టు, నిటారుగా నిలబడ్డాను.