చివరి బల్ల మీది పాస్టరుగారు

ఉయ్యూరులో మా వీధి మెథడిస్టు పాస్టరుగారు రెండో ప్రపంచయుద్ధంలో ఆ పని మానేసి సిపాయిగా వెళ్ళారట. నేనాయన్ని ఎరిగిన 1990లలో ఆయన ప్రతి ఆదివారం చర్చిలో గుమ్మం పక్క చివరి బల్ల మీద ఒంటరిగా కూర్చోవడం వీధిలోంచి కనిపించేది. ప్రసంగం చెయ్యమంటే తల అడ్డంగా ఊపేవారట.

నాస్తికుణ్ణి కదా, ఒకరోజు వాదన పెట్టుకుందామని ఆయనింటికి వెళ్ళాను. ఆయన రేకుపెట్టె తెరిచి ఒక పాత ప్రసంగం కాగితం నా చేతిలో పెట్టారు. కుర్రాళ్ళంతా సైన్యంలో చేరాలని వేదిక మీంచి తాను చెప్పిన మాటలవి. కాగితం అంచున ఆరు పేర్లున్నాయి.

"ఈ ఆరుగురూ నా మాట విని చేరారు. సిగ్గేసి నేనూ వెనకాలే వెళ్ళాను. నేనొక్కణ్ణే తిరిగొచ్చానయ్యా."

"చూశారా మీ దేవుడి నిర్వాకం!" అన్నాను ఆవేశంగా.

"చర్చి సంఘంవాళ్ళు నన్ను దేవుడు క్షమించాడంటారు. నువ్వేమో తప్పే దేవుడిదంటావు. చెప్పింది నేను కదయ్యా! ఆ మాట నువ్వైనా అంటావనుకున్నాను."

ఆయన కాగితం మడిచి పెట్టె మూశారు.

మరుసటి ఆదివారం మొదటిసారి చర్చిలో అడుగుపెట్టి, ఆయన పక్కన నిలబడ్డాను.

"చెప్పింది మీరేనండీ" అన్నాను మెల్లగా.

ఆయన తలూపి, కాస్త జరిగి చోటిచ్చారు.